అక్కను చూస్తే

ఆ ఆసుపత్రిలో కాన్సర్ మందులు ఎక్కించే వార్డు మూడో అంతస్తులో ఉండేది. పద్దెనిమిది కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో ఇనుప స్టాండు. అక్కడ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఒక నర్సును రోగులంతా మెత్తచెయ్యి అని పిలుచుకునేవారు. మందుల ధాటికి ఎండిపోయి లోపలికి దాక్కున్న నరాన్ని కూడా ఆమె వేలికొసతో తడిమి పట్టుకునేది. సూది దిగిందని రోగికి తెలిసేలోపే ప్లాస్టరు వేసేసేది. ఆమె డ్యూటీ ఉన్న రోజుకే తేదీ మార్పించుకుని వచ్చేవాళ్ళు కొందరుండేవారు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఆమెకు పంతొమ్మిది, చెల్లెలికి ఏడు. తండ్రి అంతకుముందే లేడు. ఆ ఏడేళ్ళ పిల్లకు తల దువ్వడం దగ్గర్నుంచి పెళ్ళి చేసి పంపడం దాకా అన్నీ తానే చూసుకుంది. పంపడం అన్నది మాటవరసకే. చెల్లెలు ఎక్కడికీ పోలేదు. భర్తతో, పాపతో అదే ఇంటి కింది వాటాలో ఉండేది. అక్క పైగదిలో.

పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా మాట్లాడుతూనే ఉంటుందని చెల్లెల్ని చిన్నప్పటినుంచీ పిచ్చుక అనేవారు. వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే పని మొదలుపెట్టాక కూడా ఆ పేరు పోలేదు. కొలతలు తీసేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పేది. భర్త సిటీ బస్సు డ్రైవరు, మితభాషి. "ఇద్దరం మాట్లాడితే వినేదెవరు?" అని నవ్వేవాడు. డ్యూటీ దిగి వచ్చిన అక్క, కుట్టుమిషను గదిలోకి ఓసారి తొంగి చూడకుండా మెట్లెక్కిన రోజు లేదు.

ముప్పై ఆరో ఏట పిచ్చుక రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ పైన మూడు వారాలకొకటి చొప్పున ఆరు డోసులు మందు ఎక్కించాలన్నారు.

"మీ చెల్లెల్ని వేరేవాళ్ళు చూసుకుంటారులే" అంది హెడ్ నర్సు. "సొంతవాళ్ళకి మనం చెయ్యకపోవడమే మంచిది."

"దాన్ని పొడవడానికి ఇంకొకళ్ళ చెయ్యా? కాల్లో ముల్లు దిగితేనే నేను తప్ప ఎవరు తీసినా ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. నా చేత్తోనే ఎక్కిస్తాను."

హెడ్ నర్సు డ్యూటీ చార్టులో ఆమె పేరే రాసింది.

మొదటి డోసు రోజు పిచ్చుక కుర్చీలో కూర్చుని వార్డంతా కలయజూసింది. "అక్కా, యూనిఫాంలో ఇంత గంభీరంగా ఉంటావా నువ్వు? అచ్చం మా లెక్కల టీచరులా ఉన్నావు."

"నోర్మూసుకోవే. చెయ్యి కదపకు."

"మరి పొడువు."

"పొడిచి అర నిమిషమైంది."

పిచ్చుక కిందికి చూసుకుని, పక్క కుర్చీలోని ముసలామెవైపు తిరిగింది. "మా అక్కండీ! చీమ కుట్టినట్టు కూడా లేదు." ఎర్రటి మందు గొట్టంలోంచి చుక్క చుక్కగా దిగుతున్నంతసేపూ ఆ ముసలామెకు ఏ బట్టకు ఏ లైనింగు వెయ్యాలో చెబుతూనే ఉంది.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. అవి వస్తాయని అక్కకు తెలుసు. మాత్రలిచ్చింది, బేసిన్ పట్టుకుంది, మెడ వెనక తడిగుడ్డ వేసింది. ఐదో రోజుకు తగ్గిపోయాయి. రెండో డోసుకూ అంతే, కాస్త ఎక్కువ. జుట్టు రాలిపోయింది. మూడో డోసుకు పిచ్చుక కుర్చీలో పెద్దగా మాట్లాడలేదు. నీరసమేమో అనుకుంది అక్క.

నాలుగో డోసు రోజు అక్క చేతులు కడుక్కుని, ట్రాలీ తోసుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చింది. ఇంకా గ్లౌజులు కూడా తొడుక్కోలేదు. పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతులో ఏదో కదిలింది, ఒడిలోకే భళ్ళున కక్కేసింది.

"భయమేసిందా?" అంది అక్క, గబగబా తుడుస్తూ.

"లేదక్కా. భయమేం లేదు. దానంతటదే వచ్చేసింది."

ఆ డోసు వాంతులు కూడా మామూలుగానే ఐదో రోజుకు ఆగిపోయాయి. తొమ్మిదో రోజు పిచ్చుక మిషను ముందు కూర్చుని, రొట్టె ముక్కలు తింటూ, గౌను పట్టుకెళ్ళడానికి వచ్చిన ఒకావిడతో పరాచికాలాడుతోంది. డ్యూటీ దిగివచ్చిన అక్క గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఎలా ఉన్నావే?"

పిచ్చుక నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

రొట్టె పడలేదనుకున్నారు. మర్నాడు జావ కాచారు. అక్క గిన్నె తీసుకుని లోపలికి రాగానే మళ్ళీ అదే. జావ మానేసి పళ్ళరసం ఇచ్చారు. తర్వాత అక్క చేతి సబ్బు వాసనేమోనని తట్టింది. వార్డులో వాడే నిమ్మవాసన సబ్బు మానేసింది. యూనిఫాం ఆసుపత్రిలోనే మార్చుకుని రావడం మొదలుపెట్టింది. రెండు రోజులు నయమనిపించింది. ఆ తర్వాత మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వింటే చాలు, పిచ్చుక మొహం పాలిపోయేది.

ఒక రోజు పాప ఉన్నమాట అనేసింది. దానికి ఏడేళ్ళు. "పెద్దమ్మా, నువ్వు రాకముందు అమ్మ బాగానే ఉంది. నువ్వొస్తేనే అమ్మకి వాంతొస్తుంది."

"ఏమే! పెద్దమ్మనా అలా అనేది?" అని పిచ్చుక కూతురి మీద కేకలేసింది. ఆ కేక పూర్తికాకుండానే కడుపు పట్టుకుని వంగిపోయింది.

అక్క చేతిలో గ్లాసు కింద పెట్టి పైకి వెళ్ళిపోయింది. చెప్పులు కూడా విడవకుండా మంచం మీద అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో రోగుల మనసు సంగతులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, తొందరపడి మాట్లాడేది కాదు. అంతా విని, "నిమ్మకాయ కోస్తున్నారనుకోండి సిస్టర్" అంది. "కోసి, పిండి, నాలిక మీద వేసుకుంటున్నారు."

నర్సు గుటక వేసింది.

"నోరూరింది కదా? ఇక్కడ నిమ్మకాయ లేదు. ఊరమని నోటికి మీరు చెప్పనూ లేదు. ఎన్నోసార్లు నిమ్మకాయ వెంట పులుపు వచ్చింది కాబట్టి, పేరు వింటేనే నోరు ముందుగా సిద్ధమైపోతుంది. గంట కొట్టి కుక్కలకి తిండి పెట్టగా పెట్టగా, చివరికి ఉత్త గంటకే చొంగ కార్చాయని మీరు చదువుకునే ఉంటారు."

"చదివాను. పరీక్షలో రాశాను కూడా."

"ఇక్కడ తిండి బదులు వాంతి. గంట బదులు…"

"నేను" అంది నర్సు.

డాక్టరమ్మ తలాడించింది.

"చేసింది మందు కదా డాక్టరుగారూ! నేను కాదు కదా!"

"శరీరానికి మందు పేరు తెలీదు. మీ మొహం తెలుసు. సూది గుచ్చింది మీరు. సాయంత్రం బేసిన్ పట్టుకున్నదీ మీరే. మాత్రలు, తడిగుడ్డ, జావ, ఆ జబ్బుకి సంబంధించిన ప్రతిదీ మీ చేతిమీదుగానే వెళ్ళింది. ముందు సబ్బు వాసన, ట్రాలీ. అక్కణ్ణించి యూనిఫాం, మొహం, గొంతు, ఇప్పుడు చెప్పుల చప్పుడు. అలా పాకుతుంది అది."

"ముప్పై ఏళ్ళు నా చేతి అన్నం తింది. అదంతా ఏమైపోయింది మరి?"

"అదుండబట్టే మూడు డోసులు పట్టింది. ముక్కూమొహం తెలీని నర్సయితే ఒక్క డోసుకే పట్టేసేదేమో. పాము కరిచినవాడు తాడుని చూసి గెంతుతాడు. తాడని తెలీక కాదు. తెలిసేలోపే కాలు లేస్తుంది. మీ చెల్లెలికి మీమీద ప్రేమ తగ్గలేదు. కడుపు దానంతటది నేర్చుకుంది, అంతే."

"ఎలా మాన్పించాలి?"

"మిగతా రెండు డోసులూ మీరు ముట్టుకోకండి. కనిపించకండి కూడా. మందు పూర్తయ్యాక అప్పుడు మొదలుపెడదాం. మీరు కనపడాలి, వాంతి రాకూడదు. మళ్ళీ మళ్ళీ. దూరంగా ఉండిపోతే మాత్రం పోదు. దూరంగా ఉంటే అది అలాగే నిలవుంటుంది."

నర్సు పెరటి మెట్ల మీదుగా రాకపోకలు మొదలుపెట్టింది. డ్రైవరు మరిది రోజూ పైకొచ్చి ఎలా ఉందో రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళేవాడు. ఒకరోజు చీటీ తెచ్చాడు. బట్టలు కత్తిరించే ముందు గీతలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది. "అక్కా, నాకు నువ్వంటే అసహ్యం అనుకుంటున్నావా? నీ మీదొట్టు, కాదు. నా కడుపుకి బుద్ధి లేదు."

అదే కాగితం వెనక అక్క రాసి పంపింది. "నీ కడుపుకి బుద్ధి ఎక్కువైంది. విషం ఎక్కడిదో కనిపెట్టేశానని నన్ను బయటికి గెంటుతోంది. దాని మీద కోపం తెచ్చుకోకు. వేళకి తిను."

ఐదో డోసు రోజు ఆమెను సెలవు పెట్టమన్నారు. పెట్టింది గానీ ఇంట్లో ఉండలేక వార్డు వెనక దుప్పట్లు ఉంచే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని నిలబడింది. అవతల వేరే నర్సు నరం వెతుకుతోంది. ఒక పోటు. "అయ్యో, జారిపోయింది, సారీ అమ్మా." రెండో పోటు. మూడో పోటుకు పిచ్చుక "అమ్మా" అంది, చిన్నగా. తన చేతివేళ్ళు వాటంతటవే గాలిలో నరం తడుముతున్నాయని అక్క అప్పుడు గమనించింది. ఆ చేతిని దుప్పట్ల మధ్య దూర్చేసి, మందు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఆరో డోసు అయిపోయిన నెలకు, డాక్టరమ్మ చెప్పినట్టుగా మొదలుపెట్టారు. పిచ్చుక కుట్టుమిషను గది కిటికీలో కూర్చునేది. అక్క వీధి అవతల రొట్టెల దుకాణం మెట్టు మీద నిలబడేది. పది నిమిషాలు. మొదటిరోజు పిచ్చుక నోట్లో నీళ్ళూరాయి, చెమటలు పోశాయి, కానీ వాంతి కాలేదు. ఆ రోజు ఇద్దరూ ఏదో పరీక్ష పాసైనట్టు చేతులూపుకున్నారు. దుకాణంవాడు రెండు వారాలు చూసి, "ఏంటమ్మా, రోజూ వచ్చి నిలబడతారు, ఒక్క బన్నయినా కొనరు?" అన్నాడు. ఆ మాట డ్రైవరు చెబితే పిచ్చుక పగలబడి నవ్వింది. కొన్ని నెలల తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి.

వారానికి కొన్ని అడుగులు దగ్గరికి జరుగుతూ వచ్చింది అక్క. వీధి మధ్యకు, గేటు దగ్గరికి, గుమ్మానికి. కడుపులో తిప్పితే పిచ్చుక చెయ్యెత్తేది. అక్క కదలకుండా ఆగిపోయేది. వెనక్కి పోకూడదు, ముందుకూ రాకూడదు. అది అణిగేదాకా అలా ఉండాలి. మూడు నెలలకు ఇద్దరూ పార్కులో ఒకే బెంచీ మీద, మధ్యలో పాపను కూర్చోబెట్టుకుని, అరగంట గడపగలిగారు. చెల్లెలి తలమీద కొత్తగా మొలిచిన జుట్టును అక్క అరచేత్తో నిమిరింది. "నిన్న పుట్టిన పిల్లి కూనలా ఉన్నావే" అంది. పిచ్చుక కళ్ళు మూసుకుని ఆ చేతికింద అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత స్కానుకు రమ్మన్నారు. ఆసుపత్రి కారిడార్లో అక్క యూనిఫాంతో ఎదురుపడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మరుక్షణం పిచ్చుక గోడ పట్టుకుని, అందరూ చూస్తుండగా వాంతి చేసుకుంది. మొదటిరోజుల్లో ఎంత వచ్చేదో అంతా.

"అంతా మొదటికొచ్చింది" అని అక్క డాక్టరమ్మ ముందు ఏడ్చింది.

"మొదటికి రాలేదు. పాతది చెరిగిపోదు సిస్టర్. దానిమీద కొత్తది రాస్తున్నాం, అంతే. ఇంటి దగ్గర కొత్తది పనిచేసింది. ఇక్కడి గోడలు కనిపించగానే పాతది లేచింది. మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి త్వరగా వస్తుంది."

కానీ ఆ స్కానులో జబ్బు కాలేయానికి పాకిందని తేలింది. ఇంకో రకం మందు ఇవ్వొచ్చన్నాడు పెద్ద డాక్టరు. నయం కాదు. మహా అయితే రెండు నెలలు అదనంగా దొరకవచ్చు. వాంతులు మాత్రం ముందుకన్నా ఎక్కువే ఉంటాయి.

పార్కు బెంచీ మీదే ముగ్గురూ మాట్లాడుకున్నారు. అక్క ముందు చెప్పింది. "ఎక్కించుకో. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, రెండు నెలలంటే తక్కువ కాదు. నేను దూరంగా ఎక్కడైనా గది తీసుకుంటాను. నువ్వుంటే చాలు."

"నేను కుర్చీలో, నువ్వు ఇంకెక్కడో" అంది పిచ్చుక. "మళ్ళీ నీ చెప్పుల చప్పుడుకి కక్కుకుంటూ ఎక్కువ బతికి ఏం చెయ్యనక్కా? ఇన్ని నెలలు కష్టపడి నిన్ను దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ మందు నాకొద్దు."

డ్రైవరు అంతసేపూ చెట్లవైపు చూస్తున్నాడు. "నాకు కావాలి" అన్నాడు. ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. "ఆ రెండు నెలలు నాకు కావాలి. మీరిద్దరూ మీ మీ సంగతి మాట్లాడుకుంటున్నారు."

లేచి పార్కు గేటు దాకా వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. పిచ్చుక మెల్లగా నడిచి అతని పక్కకు వెళ్ళింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో అక్క అడగలేదు. మర్నాడు పైకొచ్చి, "దాని ఇష్టమే కానివ్వండి వదినా. మీరు కిందికొచ్చెయ్యండి" అన్నాడు.

అక్క లాంగ్ లీవు పెట్టి కింది వాటాలోకి మారింది. చెల్లెలి మంచం పక్కనే చాప వేసుకుంది. అంత చేసినా పాత పాఠం పూర్తిగా వదల్లేదు. పొద్దున్నే లేచి స్నానం చేసొచ్చి అక్క మళ్ళీ గదిలోకి అడుగుపెట్టినప్పుడు పిచ్చుక గొంతులో ఒక్కసారి కదిలేది. ఒక్కోసారి నిజంగానే వాంతయ్యేది. "ఆగక్కా, వెళ్ళిపోకు. అయిపోతుంది" అనేది. అక్క గుమ్మంలో ఆగేది. ఆ అర నిమిషం గడిచాక ఇక రోజంతా ఇబ్బంది ఉండేది కాదు. ఆ అర నిమిషం కోసం పాప నీలం బేసిన్ తెచ్చి పట్టుకునేది. ఎవరూ చెప్పలేదు దానికి. పెద్దమ్మ గుమ్మంలో కనిపించగానే బొమ్మలు వదిలేసి బాత్రూంవైపు పరిగెత్తేది.

అలా పదకొండు వారాలు గడిచాయి. నొప్పి మాత్రలు వేళకు ఇచ్చింది, ఒళ్ళు తుడిచింది గానీ, అక్క తన చేతులతో ఆ పదకొండు వారాలూ ఒక్క సూది కూడా గుచ్చలేదు. పిచ్చుక ఊపిరి చాలినంతవరకూ మాట్లాడింది. కుట్టడం మొదలెట్టి ఆపేసిన బట్టలు ఎవరెవరివో, ఎవరికి ఏ భుజం కాస్త కిందికి ఉంటుందో, ఎవరు నడుము కొలత తగ్గించి చెబుతారో అన్నీ అక్కకు అప్పగించింది. చివరి రోజుల్లో మాట బాగా తగ్గింది. ఒక మధ్యాహ్నం అక్క పెదవులు తడుపుతుంటే, ఆ చేతి వాసన చూసి, "ఏ సబ్బు?" అంది.

"నీ మిషను గదిలోదే. ఎందుకు?"

"బావుంది" అంది.

మరో గంటకు, పాప బడినుంచి రాకముందే, పోయింది. అక్క చెయ్యి ఆమె మణికట్టు మీదే ఉంది. నాడి ఆగిన సంగతి ఆ చేతికి ముందు తెలిసింది.

అంతా అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అక్క మళ్ళీ పైగదికి మారింది. మొదటి సాయంత్రం పాపను చూద్దామని కిందికి దిగి గుమ్మంలో నిలబడింది. పాప బొమ్మలు వదిలేసి లేచింది. బాత్రూంలోకి పరిగెత్తి, నీలం బేసిన్ రెండు చేతులా పట్టుకుని వచ్చి, ఖాళీ మంచం పక్కన ఆగిపోయింది. డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పెద్దమ్మ వెళ్ళి బేసిన్ అందుకుంది. "అక్కర్లేదు తల్లీ."

"తెలుసు పెద్దమ్మా" అంది పాప. "కాళ్ళే వెళ్ళిపోయాయి."

తర్వాత రోజూ అదే వేళకు వెళ్ళింది ఆమె. మానేస్తే అది పిల్లలో నిలవుండిపోతుందని ఆమెకు తెలుసు. రెండోరోజు పాప బాత్రూం తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేది. తర్వాత ఉలిక్కిపడి తలెత్తి చూసేది, అంతే. నెలన్నర తర్వాత ఒక సాయంత్రం పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి పాప బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటోంది. పుస్తకంలోంచి తలెత్తలేదు.

"పెద్దమ్మా, ఏడెనిమిదులు ఎంత?"

"యాభై ఆరు."

పాప రాసుకుంది. పెద్దమ్మ ఇంకాసేపు అక్కడే నిలబడింది. ఇదే కావాలని నెలన్నరగా వస్తోంది. ఇప్పుడు అదయ్యాక, ఆ ఇంట్లో పిచ్చుక కోసం గబుక్కున లేచే ప్రాణి ఇక ఒక్కటీ మిగల్లేదని తట్టింది. నీళ్ళు తాగొస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్ళి, గోడకు ఆనుకుని, చెల్లెలు పోయాక మొదటిసారి బావురుమని ఏడ్చింది. డ్రైవరు బస్సు దిగి వచ్చేవేళ కావస్తోంది. మొహం కడుక్కుని, ముగ్గురికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.